చీరలు ఎనిమిది, జాకెట్లు అయిదు: సరిహద్దు ఊళ్లలో బీరువా లెక్క

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం... ఒడిశాలోని ఈ ఊళ్లలో తెలుగువాళ్ల ఇంట బీరువా తెరిస్తే చీరలకు కొదవుండదు. పెళ్లికి పెట్టినవి, పేరంటాల్లో వచ్చినవి, విజయనగరం వెళ్లినప్పుడు కొన్నవి, తగ్గింపు ధర చూసి ఆశపడి తెచ్చుకున్నవి. అయినా పక్కింటి ఒడియావాళ్లు రజ పండక్కి రమ్మంటే "ఏం కట్టుకోమంటావు వదినా?" అని అడగాల్సే వస్తుంది. నలభై చీరలున్న బీరువాలో నిజంగా కట్టేవి ఏడో ఎనిమిదో.

మిగతావి ఎందుకు మూలపడ్డాయో ఒక్కొక్కటే తీసి చూడండి. చీరలో లోపం కనిపించడం అరుదు. జాకెట్టు బిగువైపోయింది, లేదా ఇంకా కుట్టించనే లేదు. ఫాల్ ముడుచుకుపోయింది. ఆ రంగు లంగా లేదు. ఉన్న ఒక్క జాకెట్టూ చేతుల్లేనిది, గుడికి పనికిరాదు. చీర మీద వేలు పోసి, దాన్ని కట్టించే వందల రూపాయల సరంజామా దగ్గర వెనక్కి తగ్గుతాం. అందుకే లెక్క చీర దగ్గర కాకుండా జాకెట్టు దగ్గర మొదలుపెట్టడం మేలు.

తక్కువ బట్టలతో ఎక్కువ జతలు వేసుకోవడమన్న ఆలోచన కొత్తదేమీ కాదు. న్యూయార్క్ డిజైనర్ డోనా కరన్ 1985లో ఏడే ఏడు రకాల దుస్తులను ఒకదానితో ఒకటి కలిసేలా తయారుచేసి పేరు తెచ్చుకున్నారు. ఇంటర్నెట్‌లో కనిపించే జాబితాలు చాలావరకు ఆ దారిలో నడిచేవే. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, బ్లేజరు, ట్రెంచ్ కోటు ఉండాలంటాయి. మే నెలలో గోపాలపూర్ సముద్రపు గాలి తగిలే ఊళ్లో బ్లేజరు వేసుకుని ఆటో కోసం నిలబడితే ఆ జాబితా విలువ అక్కడికక్కడే తెలిసిపోతుంది. అందులోంచి తీసుకోవాల్సింది సూత్రం ఒక్కటే. కొత్తగా కొన్న ప్రతి వస్తువూ ఇంట్లో ఉన్న మూడింటితోనైనా కలవాలి. వస్తువులేవన్నది మన వాతావరణాన్ని, మన పిలుపులను బట్టి తేల్చుకోవాలి.

రెండు వాతావరణాలు, రెండు పంచాంగాలు

బరంపురం వైపు ఉక్కపోత, చెమట. కోరాపుట్ పట్టణం 850 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉంది కాబట్టి డిసెంబరు, జనవరి ఉదయాల్లో శాలువా లేనిదే గడప దాటలేం. రాయగడలో ఉద్యోగం, జయపురంలో చుట్టాలు, ఇచ్ఛాపురంలో పుట్టిల్లు అయితే నెలలో రెండుమూడు వాతావరణాలు తగులుతాయి.

పండగలూ అంతే. జూన్ మధ్యలో రజ, ఆషాఢంలో రథయాత్ర, తర్వాత వరలక్ష్మీ వ్రతం, దసరా, ఆపైన సంక్రాంతి. మార్గశిర లక్ష్మివారాలైతే మనమూ చేస్తాం, మాణబసా పేరుతో ఒడియావాళ్లూ చేస్తారు. ఒకే వారం రెండిళ్లకూ వెళ్లాల్సి వస్తుంది. దసరాను ఇక్కడ ఎండాకాలపు పండగలా లెక్కేయకూడదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2018 అక్టోబరు 11న తిత్లీ, రెండూ ఈ తీరాన్ని నవరాత్రి రోజుల్లోనే తాకాయి. తుపాను లేని ఏడాదీ అప్పుడు వాన మామూలే. తడిస్తే చెడే పట్టుచీర ఒక్కటే నమ్ముకుంటే పండగంతా ఇంట్లోనే గడుస్తుంది.

ఇంకో మాట. పూరీ జగన్నాథుడి గుడిలో 2024 జనవరి 1 నుంచి వస్త్రధారణ నియమం అమల్లో ఉంది. చేతుల్లేనివి, షార్టులు, చిరుగుల జీన్సు వేసుకుంటే లోపలికి పంపరు. మోచేతి దాకా చేతులున్న జాకెట్టు గుడికీ, బడికీ, బ్యాంకుకూ, పెళ్లికీ సరిపోతుంది. పొట్టి చేతుల జాకెట్టు వీటిలో సగం చోట్లకే వెళ్తుంది.

ఈ నేలే చెప్పే రంగులు

జాకెట్లకు ఏ రంగులు ఎంచాలో మన చుట్టూ ఉన్న మగ్గాలను చూస్తే తెలిసిపోతుంది. కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో నేసే నూలు చీరకు తొగరుచెట్టు వేరుతో అద్దకం చేస్తారు. మెరూన్, గోధుమ ఛాయలు ఆ వేరు నుంచే వస్తాయి, అన్నభేది కలిపితే నలుపు దిశగా ముదురుతాయి. మిగతా నూలును రంగు వేయకుండా హాఫ్‌వైట్‌గానే వదిలేస్తారు. సంబల్‌పురిలో నలుపు, ఎరుపు, తెలుపు ఎక్కువ. పొందూరు ఖాదీ సహజంగానే హాఫ్‌వైట్. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి సన్నగా వడికిన ఆ నూలు మన ఎండలకు దొరికిన వరం. బరంపురం పట్టుకు కుంభం అంచు, జరీ. ఇక్కడ కొనే చీరల్లో ఎక్కువ భాగం ఈ రంగుల చుట్టూనే తిరుగుతుంది.

అందువల్ల అయిదు జాకెట్లు చాలు. నల్ల నూలుది, మెరూన్ రంగులో పట్టునూలు కలిసినది, హాఫ్‌వైట్ నూలుది, ఆవపిండి రంగుది, పాతబంగారు ఛాయలో బ్రోకేడుది. వీటి ఎదుట ఎనిమిది చీరలు పెట్టుకోండి. పొందూరు ఖాదీ ఒకటి, సంబల్‌పురి నూలుది ఒకటి, కోట్‌పాడ్ ఒకటి, బొంకాయి ఒకటి, సన్నజరీ అంచున్న మంగళగిరి ఒకటి, టస్సర్ ఒకటి, బరంపురం పట్టు ఒకటి, వానకూ ప్రయాణానికీ ముదురు రంగు జార్జెట్ ఒకటి. కాగితం మీద నలభై జతలు. కంటికి నప్పనివి తీసేసినా పాతిక దాకా మిగులుతాయి. చీరకొక్క జాకెట్టు చొప్పున కుట్టిస్తే ఎనిమిది చీరలకు ఎనిమిది జతలే.

జత కలపడంలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. చీర రంగుకు దగ్గరగా ఉండి అచ్చం అదే కాని రంగు ఎంచుకుంటారు. వంకాయ రంగు చీర మీద కాస్త ఎర్రటి వంకాయ రంగు జాకెట్టు వేస్తే, వెతికి దొరక్క సరిపెట్టుకున్నట్టుంటుంది. అచ్చం అదే రంగు దొరక్కపోతే ధైర్యంగా దూరం వెళ్లండి. అంచులోనో పైటలోనో సన్నగా కనిపించే మూడో రంగును పట్టుకోండి. దుకాణంలో ట్యూబులైటు కింద తీర్మానం చేయొద్దు, గుడ్డను గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో చూడండి. నలుపు అనుకున్నది ముదురు నీలమని అక్కడే బయటపడుతుంది.

జాకెట్టు లోపల ఏముంది

అయిదే జాకెట్లు అనుకున్నాక ఆ అయిదూ ఏళ్ల తరబడి పట్టాలి. పట్టేదీ లేనిదీ బయటి డిజైన్ తేల్చదు. జాకెట్టును తిరగేసి పక్క కుట్టు చూడండి. కుట్టు వెనక మిగులు గుడ్డ ఎంతుంది? ముందు భాగానికీ వెనక భాగానికీ, రెండు పక్కలా అంగుళం చొప్పున ఉంటే మొత్తం నాలుగంగుళాలు. అందులో సగం వదిలినా చుట్టుకొలత రెండంగుళాలు పెరుగుతుంది. కాన్పు తర్వాతైనా, నలభై దాటాకైనా అదే జాకెట్టు మళ్లీ పడుతుంది. కుట్టు పక్కనే కత్తిరించి ఓవర్‌లాక్ చేసేస్తే లోపల శుభ్రంగానే కనిపిస్తుంది, ఆ జాకెట్టు ఆయుష్షు మాత్రం మీ ఒంటి ఇప్పటి కొలత ఉన్నన్నాళ్లే. గుడ్డ ఇచ్చేటప్పుడే "పక్కల్లో అంగుళం ఉంచండి, లైనింగ్‌కూ అంతే ఉంచండి" అని చెప్పాలి. పైగుడ్డకు ఉంచి లైనింగ్‌ను కోసేసినవి చాలా కనిపిస్తాయి, వాటిని విప్పి లాభం లేదు. పట్టులో కుట్టు విప్పితే పాత సూది రంధ్రాల గీత కనిపిస్తుంది. అది చంక కింద పడుతుంది కాబట్టి ఎవరూ చూడరు.

లైనింగ్ నూలుది అయితే రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టాలి. ఈ పని మానేస్తే మొదటి ఉతుకులోనే లోపలి నూలు కుదించుకుపోతుంది. పైనున్న పట్టు అంతగా కుదించుకోదు. వీపు మీద, అంచుల దగ్గర ముడతలు లేస్తాయి. ఎంత ఇస్త్రీ చేసినా అవి పోవు. టైలరు దగ్గర పని ఒత్తిడిలో ఈ మెట్టే ముందు ఎగిరిపోతుంది కాబట్టి లైనింగ్ గుడ్డ ఇంట్లోనే తడిపి తీసుకెళ్లడం మంచిది.

గుడ్డ ఎంత కావాలి? 44 అంగుళాల పన్నా అయితే ఛాతీ 36 దాకా, పొట్టి చేతులకు 80 సెంటీమీటర్లు సరిపోతుంది. మోచేతి దాకా చేతులంటే మీటరు. ఛాతీ 40 దాటితే మీటరుంపావు తీసుకోండి. చీరతో వచ్చే జాకెట్టు గుడ్డ మామూలుగా 80 సెంటీమీటర్లే ఉంటుంది, అందుకే పొడుగు చేతులడిగితే టైలరు ముఖం చిట్లిస్తాడు. ఆ ముక్క కోయించే ముందు మొత్తం చీర కొలవండి. కోశాక కట్టుకోవడానికి అయిదున్నర మీటర్లు మిగలాలి. అంతకన్నా తగ్గితే ఏడు కుచ్చిళ్లు రావలసిన చోట అయిదే వస్తాయి, నడుస్తుంటే ముందు భాగం బిగుస్తుంది.

కొలతలకు ఆది జాకెట్టు ఇవ్వడం మన అలవాటు. మంచిదే, కానీ ఆ ఆది ఎన్నోసారి నకలో ఆలోచించండి. మూడేళ్ల క్రితం సాగిన జాకెట్టును చూసి కుట్టింది, దాన్ని చూసి ఇంకొకటి... అలా తప్పు కూడా వంశపారంపర్యంగా వస్తుంది. ఆదితోపాటు ఛాతీ, ఛాతీ కింద, నడుము, భుజం, చంక రౌండ్, చేతి పొడవు, చేతి చుట్టు, మెడ లోతు ముందూ వెనకా కాగితం మీద రాసివ్వండి. బిగుతు కోరుకున్నా ఛాతీ కొలతకు అంగుళం నుంచి అంగుళంన్నర దాకా వదులు ఉండాలి.

చంక దగ్గర ఒక విచిత్రం ఉంది. చెయ్యెత్తితే జాకెట్టు మొత్తం పైకి లేస్తుందని ఫిర్యాదు చేస్తే, టైలరు చంకను ఇంకా కిందికి కోసి "ఇప్పుడు వదులుగా ఉంటుందమ్మా" అంటాడు. దాంతో లేవడం ఇంకా ఎక్కువవుతుంది. కారణం సులువు. చెయ్యి కదలడం మొదలయ్యేది భుజం కీలు దగ్గర. చంక కోత కీలుకు దగ్గరగా ఉంటే చెయ్యి ఒక్కటే కదులుతుంది. కోత కిందికి దిగినకొద్దీ చెయ్యెత్తగానే పక్క గుడ్డంతా దాంతోపాటు లేస్తుంది. కోత పైకి ఉండాలి, చేతి చుట్టు కొలత మాత్రం వదులుగా ఉండాలి. బస్సులో పైకమ్మీ పట్టుకునేవాళ్లకూ, నల్లబల్ల మీద రాసే టీచర్లకూ ఈ ఒక్క దిద్దుబాటు చాలా తేడా చూపిస్తుంది. మొదటి జాకెట్టుకు ట్రయల్ వేసుకున్నప్పుడు అద్దం ముందు నిలబడి చూసుకోవడం చాలదు. రెండు చేతులూ ఎత్తి, కూర్చుని, వంగి చూడాలి.

భుజం జారిపోతోందంటే ముందూ వెనకా రెండు మెడలూ వెడల్పు అయ్యాయని అర్థం. వెనక ఎనిమిదంగుళాల లోతు కావాలనుకుంటే ముందు మెడ వెడల్పు తగ్గించండి, వెనక పైభాగంలో తాడు పెట్టించండి. హుక్కుల మధ్య ఖాళీ తెరుచుకుంటే వాటి దూరం చూడండి. అంగుళం, అంగుళంపావుకు మించకూడదు. కాజాల వైపు లోపల పట్టీ ఉండాలి.

లంగా, ఫాల్

చీర నిలబడేది లంగా మీద. నూలు చీర కింద పాప్లిన్ నూలు లంగా వేసుకుంటే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, కుచ్చిళ్లు జారవు. పట్టు కింద శాటిన్ లంగా అయితే చీర మెత్తగా పడుతుంది. జార్జెట్ కింద శాటిన్ వేస్తే మాత్రం రెండూ జారుడే, మధ్యాహ్నానికి కుచ్చిళ్లు పాదాల మీదికి దిగిపోతాయి. మెరూన్, నలుపు, హాఫ్‌వైట్, ఇవి మూడు ఉంటే చాలు. పొడవు నేల నుంచి రెండంగుళాలు పైకి ఉండాలి. బొందు సన్నతాడు కాకుండా వెడల్పు నాడా అయితే నడుముకు కోత పడదు.

కొత్త ఫాల్ గుడ్డను ఒక రాత్రి నానబెట్టి, ఇస్త్రీ చేశాకే కుట్టించాలి. చీర పాదం దగ్గర అలల్లా లేచిపోవడానికి ఎక్కువసార్లు కారణం ఈ ఫాల్ కుదించుకోవడమే. తప్పు చీరదనుకుని దాన్ని పక్కన పడేస్తారు. ఫాల్ మార్పించే ఖర్చు కొత్త చీర ధరలో ఏపాటిది? పట్టుకైతే చేతితో హెమ్మింగ్ చేయించండి. మిషన్ కుట్టు విప్పేటప్పుడు పట్టు నూలు తెగుతుంది.

కొనేటప్పుడు చేతిలో పట్టుకుని

పేరు చెప్పి అమ్మేవన్నీ ఆ పేరువి కావు. సంబల్‌పురి అంటూ అచ్చు వేసిన మిల్లు గుడ్డ ఈ ఊళ్ల బజార్లలో బోలెడు. అసలైన దానిలో నూలుకే ముందు ముళ్లు కట్టి రంగులద్దుతారు, తర్వాతే నేస్తారు. అందుకని రెండు వైపులా బొమ్మ ఒకటే ముదురుగా ఉంటుంది, దాని అంచులు కొద్దిగా చెదిరినట్టు, ఈకల్లా ఉంటాయి. గీత గీసినట్టు పదునుగా ఉండి వెనక వెలవెలబోతే అది అచ్చు. గంజాం జిల్లాలోని బొంకాయి ఊరి పేరుతో వచ్చే చీరలో బొమ్మలు అదనపు నూలుతో నేసినవి. వెనక్కి తిప్పితే ఆ నూలు తేలుతూ కనిపించాలి. చెవిపోగు, గాజు తగిలి ఆ నూలు లాగుకుపోతుంది కాబట్టి కొంగు వెనక సన్నటి నెట్ గుడ్డ కుట్టించుకోవడం వివేకం.

పట్టో కాదో తేల్చాలంటే కొంగు చివరి కుచ్చుల్లోంచి ఒక పోగు తీసి కాల్చండి. పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడైపోతుంది. పాలిస్టరు కరిగి గట్టి పూసలా మిగులుతుంది. కాగితంలా మండి తెల్లబూడిద అయితే నూలో రేయానో. నిలువు పోగు, అడ్డం పోగు రెండూ చూడాలి, ఒకటి పట్టు, ఒకటి పాలిస్టరు కలిపి నేసే మోసం ఉంది. దుకాణంలో అగ్గిపుల్ల గీయనివ్వరు గనుక అక్కడ సిల్క్‌మార్క్ లేబుల్ అడగండి. చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ ఉంటుంది. ఒడిశాలో బొయనిక, మన వైపు ఆప్కో వంటి సహకార దుకాణాల్లో ధర కొంచెం ఎక్కువ అనిపించినా ఈ బెంగ ఉండదు.

టస్సర్ గురించి ఒక చిన్న మాట. "గోపాలపూర్ టస్సర్" అంటే మన గంజాం సముద్రతీరపు గోపాలపూర్ అనుకుంటాం. ఆ గోపాలపూర్ జాజ్‌పూర్ జిల్లాలోది. బీచికి వెళ్లి మగ్గాలు వెతికితే దొరకవు.

ధర విషయంలో ఒక లెక్క వేసుకోండి. 9,000 రూపాయల చీర మూడుసార్లు కడితే ఒక్కసారికి 3,000 పడింది. 1,800 రూపాయల నూలు చీర అరవైసార్లు కడితే 30. పట్టు ఒద్దని కాదు. ఒక్క పట్టు మంచిది కొనుక్కుని, మెరూన్ జాకెట్టు ఒకసారి, బంగారు బ్రోకేడు జాకెట్టు ఒకసారి వేస్తే రెండు పెళ్లిళ్లలో ఒకే చీర అని ఎవరూ గుర్తుపట్టరు. గుర్తుపట్టినా ఫరవాలేదనుకోండి.

కుర్తా, చున్నీ

రోజూ చీర కట్టనివాళ్లకు ఇదే పద్ధతి. ఇక్కడ జాకెట్టు పాత్ర కుర్తాది, చీర పాత్ర చున్నీది. బొమ్మల్లేని నాలుగు కుర్తాలు, మూడు ప్యాంట్లు, మూడు మంచి చున్నీలు ఉంటే చాలు. చున్నీల్లో కోట్‌పాడ్ ఒకటి, సంబల్‌పురి ఒకటి, హాఫ్‌వైట్ ఒకటి. ఏ జతలోనూ బొమ్మలున్నది ఒకటే ఉండాలి. మీటర్ల గుడ్డ కొని కుట్టించుకునేవాళ్లు 44 అంగుళాల పన్నాలో కుర్తాకు రెండున్నర మీటర్లు, ప్యాంటుకు రెండుంపావు తీసుకోండి. చున్నీ రెండుంపావు మీటర్లకు తక్కువైతే భుజం మీద నిలవదు. చేనేత నూలును కుట్టించే ముందు తడపడం తప్పదు, రేయాన్‌ను కూడా.

రెడీమేడ్ సైజు అక్షరాలను నమ్మొద్దు, ఒక కంపెనీ ఎమ్ ఇంకో కంపెనీ ఎల్ అవుతుంది. భుజం కుట్టు భుజం ఎముక చివరే పడాలి. పక్కలు తగ్గించడం సులువే గాని, భుజం దింపడం అంటే చెయ్యి మొత్తం విప్పడమే. కుట్టించుకుంటే జేబు అడగండి. టైలర్లు జేబు పెట్టి చీలిక పాత చోటే వదిలేస్తారు, జేబు సంచి చీలికలోంచి బయటికి తొంగిచూస్తుంది. జేబు అడుగుకు రెండుమూడంగుళాల కింద చీలిక మొదలవ్వాలని ముందే చెప్పాలి.

చెప్పు, సంచి, పిన్ను, శాలువా

చెప్పులు మూడు జతలు చాలు. గోధుమరంగు చదును చెప్పులు, ఒకటిన్నర అంగుళాల మడమున్న నల్లవి, వానకు రబ్బరువి. చీర ఎత్తు కట్టుకునేటప్పుడే తేలుతుంది కాబట్టి ఏ చెప్పుతో వెళ్తారో అది తొడుక్కునే కట్టండి. ఇంట్లో చెప్పుల్లేకుండా కట్టి, గుమ్మం దగ్గర మడమ చెప్పులు తొడిగితే లంగా బయటపడుతుంది.

పిన్నుల విషయం చిన్నదే, నష్టం మాత్రం పెద్దది. తుప్పు పట్టిన పిన్ను ఒక్క వర్షపు రోజులో పైట మీద మరక వేస్తుంది, అది పోదు. తుప్పు పట్టని స్టీలు పిన్నులు కొనండి. పిన్ను చుట్ట దగ్గర చీర నూలు ఇరుక్కుని చిరుగుతుంది. పిన్నుకు ముందు ఒక చిన్న పూస ఎక్కించి తర్వాత గుచ్చితే గుడ్డ ఆ చుట్ట దాకా వెళ్లదు. పైటకు రెండు మడతలకే కాకుండా జాకెట్టు భుజం కుట్టుకు కలిపి గుచ్చాలి, బరువంతా కుట్టు మీద పడుతుంది.

నగల్లో ఒక వెండి సెట్టు, ఒక బంగారు ఛాయది సరిపోతాయి. సన్నటి వెండి తీగతో అల్లే కటక్ తారకాసి పని కోట్‌పాడ్, సంబల్‌పురి నూలు చీరలకు బాగా నప్పుతుంది. జరీ చీరకు జరీ రంగు చూసి ఎంచుకోండి. వెండి పని మీద సెంటు, చెమట నిలిచిపోతే నల్లబడుతుంది. వాడాక మెత్తని పొడిగుడ్డతో తుడిచి, గాలి తగలకుండా చిన్న సంచిలో పెట్టాలి.

కోరాపుట్, రాయగడ చలికి ఒక శాలువా ఉండాలి. నియమగిరి కొండల్లో డోంగ్రియా కంధ గిరిజన మహిళలు సూదితో కుట్టే కప్డాగండా శాలువాకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మందపాటి హాఫ్‌వైట్ గుడ్డ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో కొండలను తలపించే త్రికోణాలు, గీతలు ఉంటాయి. ఇంత పని ఉన్నదాని కింద బొమ్మల చీర కట్టకండి. నల్లదో మెరూనో సాదా చీర మీద వేస్తే శాలువాయే నగ.

వానాకాలంలో బీరువా

ఈ తీరంలో బట్టల శత్రువులు మూడు: తేమ, చెమట, గంజి. గంజి పెట్టిన నూలు చీరలను జూన్ నుంచి అక్టోబరు దాకా మడిచి ఉంచితే వెండిపురుగు గంజి కోసం వచ్చి గుడ్డ కూడా తినేస్తుంది. వానలకు ముందే గంజి ఉతికేసి పెట్టండి. ఇస్త్రీ చేసిన వేడి బట్టను అలాగే బీరువాలో పెడితే లోపల తేమ పట్టి బూజొస్తుంది, గంటసేపు బయట ఆరనివ్వాలి. పట్టుచీరను ప్లాస్టిక్ కవర్లో కాకుండా పాత పంచె గుడ్డలో చుట్టండి. మూడు నెలలకోసారి మడత మార్చండి, లేకుంటే మడత దగ్గరే జరీ తెగుతుంది. కలరా ఉండలు పట్టుకూ జరీకీ నేరుగా తగలకూడదు, జరీ నల్లబడుతుంది. ఎండిన వేపాకు గుడ్డమూటలో కట్టి పెట్టొచ్చు. కోట్‌పాడ్ చీరను విడిగా, కుంకుడు రసంతోనో మెత్తని ద్రవ సబ్బుతోనో ఉతికి నీడన ఆరేయాలి. దాని మీద నిమ్మరసం, చింతపండు పులుసు పడితే ఆలస్యం చేయకుండా నీళ్లతో కడగాలి, చెట్టు రంగులు పులుపుకు మారిపోవచ్చు. రంగు నిలవడానికి ఉప్పునీళ్లలో నానబెట్టడం మన ఇళ్లలో పాత ఆచారమే గాని, అద్దకంలో నిలవని రంగును ఉప్పు ఆపలేదు. మొదటి మూడు ఉతుకులు విడిగా ఉతకడమే మార్గం. జాకెట్టు విప్పగానే తడిగా ఉన్న చంకల భాగం గాలికి ఆరేయండి. పట్టు జాకెట్లు చిరిగేది ముందు అక్కడే.

ఏది ముందు

ఒకేసారి అన్నీ కొనాల్సిన పని లేదు. మొదటి నెల పైసా ఖర్చు పెట్టకుండా ఉన్న చీరలన్నీ మంచం మీద పరిచి, జాకెట్టు మారిస్తే లేచి వచ్చేవి, ఫాల్ మారిస్తే సరిపోయేవి, ఇక కట్టనివి అని మూడు గుట్టలు పెట్టండి. రెండో గుట్ట నేరుగా ఫాల్ వేసేవాళ్ల దగ్గరికి. తర్వాత నల్లదీ మెరూనుదీ జాకెట్లు కుట్టించండి, మొదటి గుట్టలో సగానికి ఈ రెండే దారి చూపిస్తాయి. ఆ రెండింటి కుదురు చూశాకే అదే టైలరుకు మిగతా మూడు ఇవ్వండి. కొత్త చీర మాట ఆ తర్వాత. చేనేత దినోత్సవం ఆగస్టు 7న కాబట్టి ఆ రోజుల్లో తగ్గింపులు చూసుకుని కొనుక్కోవచ్చు.

మూడో గుట్టలో పాత పట్టు ఉంటే పారేయకండి. చీర చిరిగేది ఎక్కువగా మడతల దగ్గర, పాదం దగ్గర. కొంగు వైపు రెండున్నర మీటర్లు బాగానే ఉంటే అదొక చున్నీ. అంచు బాగుంటే విడిగా కోయించి హాఫ్‌వైట్ జాకెట్టు చేతులకు కుట్టించండి. చిరుగు లేని మీటరు ముక్క ఇంకా మిగిలితే లోపల నూలు లైనింగ్ వేయించి జాకెట్టు కుట్టించొచ్చు. పాత పట్టు బిగుతును తట్టుకోదు కాబట్టి అలాంటిదానికి మాత్రం రెండంగుళాల వదులు చెప్పండి.